పద్నాలుగు మీటర్ల లెక్క

సాయంత్రం నాలుగున్నర. బడి గంట మోగింది. ఆరో తరగతి కుర్రవాడొకడు చేయిజారిన బంతి వెంట గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తాడు. సరిగ్గా ఆ క్షణాన 14 మీటర్ల దూరంలో ఒక కారు వస్తున్నది. దాని వేగం గంటకు 30 కిలోమీటర్లు. డ్రైవరు కుర్రవాణ్ణి చూశాడు, బ్రేకు వేశాడు. కారు వాడికి రెండడుగుల ఇవతల ఆగింది. కుర్రవాడు బంతి తీసుకొని ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు అదే రోడ్డు, అదే డ్రైవరు, అవే బ్రేకులు. వేగం ఒక్కటే మార్చుదాం. 30కి బదులు 50 అనుకోండి. కారు కుర్రవాణ్ణి తాకే సమయానికి దాని వేగం ఎంత ఉంటుంది? ముందుకు చదవక మునుపే మీకు తోచిన అంకె ఒక కాగితం మీద రాసుకోండి.

తరగతిలో ఈ ప్రశ్న అడిగినప్పుడు చాలామంది "20" అంటారు. 50లోంచి 30 తీసేస్తే 20 గదా అని వారి లెక్క. సరియైన జవాబు 20 కాదు, 30 కాదు. దాదాపు 50! అంటే ఆ కారు వేగం కొంచెం కూడా తగ్గదన్నమాట. ఇదేమి వింత? లెక్క వేసి చూద్దాం.

ఆగడానికి ఎంత దూరం?

కారు ఆగడంలో రెండు దశలున్నాయి. ప్రమాదాన్ని కన్ను చూడాలి, మెదడు గుర్తించాలి, కాలు బ్రేకును తొక్కాలి. దీనికి సుమారు ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకను సేపూ కారు పాత వేగంతోనే పోతూ ఉంటుంది. ఆ తర్వాతనే బ్రేకు పనిచేయడం మొదలవుతుంది.

వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చాలంటే 5/18తో గుణించాలని మీకు తెలుసు. గంటకు 30 కి.మీ. అంటే సెకనుకు 8.3 మీటర్లు. 50 అంటే 13.9 మీటర్లు. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు వేగాన్ని ప్రతి సెకనుకూ సుమారు 7 మీ./సె. చొప్పున తగ్గిస్తాయి. బ్రేకు పడ్డాక కారు పోయే దూరం తెలియాలంటే, వేగపు వర్గాన్ని రుణ త్వరణానికి రెట్టింపుతో, అంటే 14తో, భాగించాలి.

30 కి.మీ. వేగంలో: 8.3 + 5.0 = 13.3 మీటర్లు.
50 కి.మీ. వేగంలో: 13.9 + 13.8 = 27.7 మీటర్లు.
60 కి.మీ. వేగంలో: 16.7 + 19.8 = 36.5 మీటర్లు.

రెండో వరుసలో మొదటి అంకెను మరొకసారి చూడండి. 50 కి.మీ. వేగంతో వచ్చే కారు, డ్రైవరు కాలు బ్రేకు మీద పడేలోగానే 13.9 మీటర్లు పోయింది. కుర్రవాడున్నది 14 మీటర్ల దూరంలో. బ్రేకు పనిచేయడానికి చోటెక్కడ మిగిలింది? ఇక వాన పడినా, టైర్లు అరిగినా, డ్రైవరు చూపు సెల్‌ఫోను మీద ఉన్నా ఈ దూరాలన్నీ ఇంకా పెరుగుతాయి.

ఎంత ఎత్తు నుంచి పడినట్టు?

గతిజశక్తి వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. ఒక వస్తువు ఎంత ఎత్తు నుంచి పడితే నేలను తాకేటప్పుడు ఆ వేగం వస్తుందో చూడండి. గంటకు 30 కి.మీ. వేగం సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి పడితే వస్తుంది. అది ఒక్క అంతస్తు ఇంటి కప్పు ఎత్తు. 60 కి.మీ. వేగం రావాలంటే 14 మీటర్ల పైనుంచి పడాలి. అది నాలుగంతస్తుల మేడ! అలాంటి మేడ మీద పిట్టగోడ లేకపోతే పిల్లల్ని పైకి వెళ్లనివ్వం. కాని పిట్టగోడ లేని అలాంటి మేడ అంచునే రోజూ బడికి పంపుతున్నాం.

ఇవి ఉత్త లెక్కలు కావు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవారే. సగటున రోజుకు 90 మంది.

ఒక దేశం కథ

నెదర్లాండ్స్ అనగానే నేడు సైకిళ్లు గుర్తుకు వస్తాయి. ఆ దేశం ఎప్పుడూ అలాగే ఉండేదని అనుకోకండి. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత అక్కడా కార్లు విపరీతంగా పెరిగాయి. 1971లో మూడు వేలమందికి పైగా రోడ్ల మీద మరణించారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. ఆ సంవత్సరం కూతురిని పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత 1972లో "పిల్లల హత్యను ఆపండి" అనే శీర్షికతో వ్యాసం రాశాడు. అదే పేరుతో ఒక ఉద్యమం లేచింది. తల్లిదండ్రులు, పిల్లలు వీధుల్లోకి వచ్చారు.

డెల్ఫ్ట్ పట్టణంలో కొన్ని వీధుల రూపమే మార్చివేశారు. తిన్నగా ఉన్న దారిని వంపులు తిప్పారు, మధ్యలో చెట్లు నాటారు, బల్లలు వేశారు. కారు రావచ్చును గాని మనిషి నడిచినంత నెమ్మదిగా రావాలి. ఇలాంటి వీధిని వారు "వోనెర్ఫ్" అన్నారు. ఇంటి పెరడు వంటి వీధి అని దాని భావం. 1976లో దీనికి చట్టంలో స్థానం లభించింది. 2023లో ఆ దేశంలో రోడ్డు మరణాలు 684. కార్లేమో 1971 కంటే ఎన్నో రెట్లు! దీనికి సీటు బెల్టులు, మంచి వైద్యం కూడా కారణాలే. అయినా వీధుల రూపం మార్చడం వాటిలో ముఖ్యమైనది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో కూడా చాలా వీధుల్లో 30 కి.మీ. పరిమితి పెట్టారు. 2019లో ఆ నగరంలో కాలినడకన పోతూ వాహనం ఢీకొని చనిపోయినవారు ఒక్కరు కూడా లేరు.

బోర్డు చాలదు, వీధే చెప్పాలి

"నెమ్మదిగా పొండు" అని బోర్డు పెడితే చాలదా? చాలదు. వెడల్పుగా, తిన్నగా ఉన్న రోడ్డు డ్రైవరుతో "వేగంగా పో" అంటుంది. బోర్డు మాట కంటే రోడ్డు మాటే గట్టిది. కనుక రోడ్డు రూపాన్నే మార్చాలి.

స్పీడ్ బ్రేకరునే తీసుకోండి. మన వీధుల్లో సిమెంటుతో సన్నగా, నిటారుగా పోసిన గట్లు కనిపిస్తాయి. వాటి మీద స్కూటరు వెనక కూర్చున్నవారు ఎగిరిపడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన కొలతలు వేరు. గట్టు 3.7 మీటర్ల పొడవు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో చాపం వలె ఉండాలి. గంటకు 25 కి.మీ. వేగంతో వచ్చే బండి దీనిమీద సాఫీగా ఎక్కి దిగుతుంది. వేగంగా వచ్చేదానికే కుదుపు. (17 మీటర్ల వృత్తంలో 3.7 మీటర్ల జ్యా గీస్తే దాని మధ్య నుంచి చాపం ఎత్తు ఎంత? పైథాగరస్ సిద్ధాంతంతో మీరే సరిచూడండి.)

రోడ్డు దాటడం సంగతి చూద్దాం. సెకనుకు 1.2 మీటర్లు నడిచేవారికి 12 మీటర్ల రోడ్డు దాటడానికి 10 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో 60 కి.మీ. వేగంతో వచ్చే బస్సు 167 మీటర్లు వస్తుంది. అంత ఖాళీ దొరకాలి, అదీ రెండు వైపులా ఒకేసారి! రోడ్డు మధ్యలో నిలబడటానికి ఒక దిమ్మె కడితే చాలు, 5 సెకన్ల ఖాళీ సరిపోతుంది. ఒకసారి ఒక వైపే చూసుకోవచ్చు. ముసలివారికి ఇది ఎంత మేలో ఆలోచించండి.

కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలని మన దేశపు ప్రమాణమే చెబుతున్నది. రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడినా తప్పుకోగల వెడల్పు అది. దాని మీద మోటారు సైకిలు నిలిపితే నడిచేవారు రోడ్డు మీదికి దిగవలసిందే.

సైకిలు సంగతి? సైకిలు వేగం 15, పక్కనుంచి పోయే లారీ వేగం 60 అయితే తేడా 45. లారీ వేగం 30 అయితే తేడా 15 మాత్రమే. కాబట్టి సూత్రం ఇది: వేగం తక్కువైన వీధుల్లో సైకిళ్లు, కార్లు కలిసి పోవచ్చు. వేగం తగ్గించలేని పెద్ద రోడ్ల మీద సైకిలుకు వేరే దారి ఉండాలి.

"మరి ఆలస్యం కాదా?" అని పెద్దలు అడుగుతారు. రెండు కిలోమీటర్ల వీధిని 60తో దాటితే రెండు నిమిషాలు, 30తో దాటితే నాలుగు నిమిషాలు. ఆ కుర్రవాడి ప్రాణం ఖరీదు రెండు నిమిషాలు.

మీరు చేసి చూడండి

మీ బడి ముందు 50 మీటర్ల దూరాన్ని టేపుతో కొలవండి. దాని రెండు చివరలకు గుర్తుగా కరెంటు స్తంభమో, చెట్టో, గోడ మూలో ఎంచుకోండి. ఉపాధ్యాయుని వెంట, ప్రహరీ లోపల నిలబడే ఈ పని చేయాలి. ఎట్టి పరిస్థితుల్లోను రోడ్డు మీదికి దిగకూడదు. ఒక వాహనం ఆ 50 మీటర్లు దాటడానికి పట్టిన సమయం స్టాప్‌వాచ్‌తో చూడండి. 6 సెకన్లు పడితే దాని వేగం సరిగ్గా 30 కి.మీ. 3 సెకన్లే పడితే 60.

వంద వాహనాల వేగాలు పట్టికలో రాయండి. 30 దాటినవి ఎన్నో లెక్కపెట్టండి. ఆ పట్టికతో పాటు ఈ 14 మీటర్ల లెక్కను కూడా జతచేసి, మీ పురపాలక సంఘానికో పంచాయతీకో ప్రధానోపాధ్యాయుని ద్వారా పంపండి. ఫిర్యాదును పక్కన పెట్టడం తేలికే. కొలిచి చూపిన అంకెను పక్కన పెట్టడం అంత తేలిక కాదు.