శ్రీశైల మల్లికార్జునుడు – ఇష్టలింగధారి యాత్ర

దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించెను. గురువు అనుగ్రహించిన ఇష్టలింగము నిరంతరము మన వక్షమున నుండగా, కొండలెక్కి స్థావరలింగమును దర్శింపబోవుట దేనికని మన యింటి పిల్లలు అడుగుదురు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము శ్రీశైల స్థలగాథలోను, అచటికి పోయిన శరణుల చరిత్రలోను వెదకవలెను.

శ్రీశైలము నల్లమల అడవుల నడుమ, కృష్ణానదికి కుడివైపున నున్న గిరి. పూర్వము కర్నూలు జిల్లాలో నుండి, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. ద్వాదశ జ్యోతిర్లింగములలో మల్లికార్జునుడు, అష్టాదశ శక్తిపీఠములలో భ్రమరాంబ ఒక్క చోటనే వెలసిన క్షేత్రమిది.

స్థలగాథ యిట్లున్నది. చంద్రగుప్తుడను రాజునకు చంద్రవతి యను కూతురు కలదు. తండ్రి దుర్బుద్ధి నెరిగి ఆమె రాజగృహమును విడిచి, కృష్ణను దాటి, ఈ కొండ చేరెను. అచట నొక ఆవు ప్రతిదినము ఒక శిలపై పాలు కురియుట చూచి, అది శివలింగమని గ్రహించి, మల్లెపూలతో నర్చించెను. శివుడు ప్రసన్నుడై ఆ మల్లెదండను శిరమున ధరించెను. మల్లిక యనగా మల్లె. అందువలన స్వామికి మల్లికార్జునుడను పేరు కలిగెనని చెప్పుదురు. చెంచులు వేరొక కథ చెప్పుదురు. స్వామి వేటకు వచ్చి తమ పిల్లను పెండ్లాడెనని, ఆయన తమ అల్లుడైన చెంచు మల్లయ్య యని వారి విశ్వాసము.

ఈ గాథలను చరిత్రగా గ్రహింపనక్కరలేదు. వాని తాత్పర్యము గమనింపవలెను. ఇల్లు విడిచిన ఆడబిడ్డకు, అడవిలోని వేటగానికి స్వామి సమానముగా బంధువాయెను.

పన్నెండవ శతాబ్దిలో అక్కమహాదేవియు రాజవైభవమును తృణీకరించి, కల్యాణమున అల్లమప్రభువు అడిగిన కఠిన ప్రశ్నలకు సమాధానము చెప్పి, తుదకు శ్రీశైలపు కదళీవనము చేరెను. ఆమె వచనముల అంకితము చెన్నమల్లికార్జునుడే. అయినను ఆమె వెదకినది గుడిలోని శిలను మాత్రమే కాదు, తన్ను వరించిన పరశివుని. మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని దర్శింపగోరి బయలుదేరి, మార్గమున ఆయన లింగైక్యవార్త విని, శ్రీశైలమునకు మరలెను. ఆ యాత్రను పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున వర్ణించెను.

శ్రీశైలమున మరియొక జ్ఞాపకమును కలదు. 1377లో అనవేమారెడ్డి వీరశిరోమండపమును కట్టించెను. అందు వీరభక్తులు శిరస్సును, నాలుకను సైతము కోసి సమర్పించెడివారు. వారి నిష్ఠ ఆశ్చర్యకరము. కాని గాథలో స్వామి శిరమున ధరించినది మల్లెదండ. దయయే ధర్మమునకు మూలమని నమ్మిన మనకు ఏది ఆదర్శమో వేరుగా చెప్పనక్కరలేదు.

నేడును ఉగాదికి కన్నడ భక్తులు వేలకొలదిగా కాలినడకన వచ్చి, భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లునిగా భావించి చీరసారెలు సమర్పింతురు. మహాశివరాత్రి నాడు దేవాంగ నేతగాడు ఏడాది పొడవున దినమునకొక మూర చొప్పున నేసిన పాగాను, దీపములార్పిన చీకటిలో దిగంబరుడై, ఆలయశిఖరము మొదలు మండపముపై నందుల వరకు చుట్టును. కాయకమే పూజయగుటకు ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతము వేరొకటి యేల?

కావున ఇష్టలింగధారి శ్రీశైలమునకు పోవచ్చును. కాని యాత్ర లింగార్చనకు బదులు కారాదు. మొదట తన నిత్యార్చన ముగించి, పిమ్మట ఆలయమున కేగవలెను. త్రోవలో ఆకలిగొన్నవారికి దాసోహము చేయవలెను. ప్రక్క యాత్రికుని కులమడుగరాదు. తిరిగివచ్చిన పిమ్మట అక్కమహాదేవి, పండితారాధ్యుల చరిత్రలను పిల్లలచే చదివింపవలెను.

మల్లన్న యెక్కడున్నాడని వారడిగినచో, మొదట వారి కరస్థలమును, పిదప శ్రీగిరిని చూపుడు. ఆ క్రమము తప్పనంతవరకు కొండకు పోయిన దోషము లేదు, పోకున్న లోపము లేదు.

శరణు శరణార్థి.