మాండొలిన్ శ్రీనివాస్: వినికిడియే విద్య

జాజ్ వాద్యకారుడు స్వరలిపిని మాత్రమే నమ్ముకొనడు. తోటివాని వాద్యమును విని, అప్పటికప్పుడు బదులు పలుకుతాడు. మన సంగీతంలోని మనోధర్మమూ అటువంటిదే. ఈ రెండింటికీ వారధి కట్టిన తెలుగువారు ఉప్పలపు శ్రీనివాస్.

1969లో పాలకొల్లులో జన్మించిన ఆయన బాల్యంలోనే తండ్రి మాండొలిన్‌ను చేపట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాద్యం వాయించుట రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదానిని తీగలపై వెదకి పట్టుకొనేవాడు. గమకములు పలికించుటకు జంట తీగలను విడిచి, ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను అమర్చుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవంలో తొలి కచేరి. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం.

అనంతరం ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ తబలాతో, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారుతో ఆయన మాండొలిన్ జత కలిసింది. ఆ ఆంగ్లేయుడు 1960వ దశకంలో లండన్ స్టూడియోలలో ఇతరుల పాటలకు గిటారు వాయించి జీవనం సాగించినవాడు. ఎదుటివారిని వినుటయే ఆ వృత్తికి మూలధనం. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏండ్లకే చెన్నైలో కన్నుమూశారు.

విద్యార్థులారా! ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపించే ఈ కళాశాలలో పొరుగువాని పలుకును శ్రద్ధగా వినుటయే మనకు మొదటి పాఠం.