సాంబారు పొడి ప్యాకెట్ వెనక వైపు

సాంబారు పొడి ప్యాకెట్ మీద గోధుమ అన్న మాట కనపడాల్సిన అవసరమే లేదనిపిస్తుంది. ధనియాలు, ఎండుమిర్చి, కందిపప్పు, మెంతులు, పసుపు, ఆఖర్న ఇంగువ. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు ఆగాల్సింది ఆ ఆఖరి మాట దగ్గరే. మన పోపుల పెట్టెలో ఉండే ఇంగువ ముద్దగానీ పొడిగానీ అచ్చమైన ఇంగువ కాదు. అచ్చమైనదాని ఘాటు భరించలేం కాబట్టి దాన్ని తినే బంకతో, పిండితో కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా బ్రాండ్లలో మైదా, కొన్నిటిలో బియ్యప్పిండి. అంటే ఏళ్ల తరబడి చపాతీ ముట్టని మనిషికి కూడా రోజూ పోపులోంచి చిటికెడు మైదా అందుతూ ఉండొచ్చు.

దక్షిణాదిలో ఈ జబ్బు గురించి తెలిసినవాళ్లు తక్కువ. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో నూటికి 1.23 మందికి సీలియాక్ ఉంటే, దక్షిణాన 0.10 మందికే ఉంది. సంఖ్య చిన్నదైతే కొట్లో అడిగే నాథుడుండడు, చెప్పే నాథుడూ ఉండడు. ప్యాకెట్‌ని నమ్మాలా వద్దా అన్నది ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని తేల్చుకోవాల్సిందే. మా ఇంట్లో ఆ పని నాది. కొత్త ప్యాకెట్ ఏదైనా వంటింటి అలమరలోకి వెళ్లేలోపు ఏం చేస్తామో వరసగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక లెక్క. ‘గ్లూటెన్ ఫ్రీ’ అంటే గ్లూటెన్ సున్నా అని కాదు. కిలోకి 20 మిల్లీగ్రాములు దాటదని. మన ఎఫ్ఎస్ఎస్ఏఐ, అమెరికా ఎఫ్‌డీఏ, యూరప్, అంతర్జాతీయ కోడెక్స్, అందరిదీ ఇదే గీత. ఒక్క పుల్కాలో రెండు గ్రాములకు పైనే గ్లూటెన్ ఉంటుంది కాబట్టి ఈ గీత చాలా కిందే ఉన్నట్టు లెక్క. కానీ 2007లో ఇటలీ పరిశోధకులు 49 మంది సీలియాక్ రోగులతో చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరికి రోజూ 10 మిల్లీగ్రాముల గ్లూటెన్, కొందరికి 50, కొందరికి ఉత్త గుళిక, 90 రోజులపాటు ఇచ్చారు. 50 తీసుకున్నవాళ్ల పేగు పొర దెబ్బతింది. 10 తీసుకున్నవాళ్లలో ఒక మనిషికి మాత్రం జబ్బు లక్షణాలు పూర్తిగా తిరగబెట్టాయి. ఆ ఒక్క మనిషి లాంటివాళ్ల కోసమే ఈ తతంగమంతా.

ఆ లెక్కనే ఇంటి భోజనానికి వేసి చూడండి. సరిగ్గా గీత మీద ఉన్న పిండితో 120 గ్రాముల రొట్టెలు తింటే 2.4 మిల్లీగ్రాములు. దానికి సాయంత్రం బిస్కెట్లు, రాత్రి నూడుల్స్, పొద్దున ఉప్మా మిక్స్ కలిపితే అర కిలో ప్యాకెట్ సరుకు లోపలికి వెళ్లొచ్చు, అంటే 10 మిల్లీగ్రాములు. ఏ ఒక్క ప్యాకెట్టూ అబద్ధం చెప్పలేదు. కాబట్టి మొదటి పని, రోజుకి ఎన్ని ప్యాకెట్లను నమ్ముతున్నామో తగ్గించడం. అన్నం, పప్పు, కూర, పెరుగు, గుడ్డు, చేప, వీటికి లేబులే అక్కర్లేదు. తెలుగు భోజనం ఈ విషయంలో చాలా దయగలది. ఆ దయని వదిలేసి గ్లూటెన్ ఫ్రీ కుకీల వెంట పరుగెత్తడం నాకైతే అర్థం కాదు.

ఇక తప్పనిసరిగా కొనాల్సినవి. ముందు వైపు పెద్దక్షరాలు చదవకుండా నేరుగా వెనక్కి తిప్పుతాను. కొట్లో వెలుతురు చాలదు, అక్షరాలు ఆవగింజంతే ఉంటాయి, ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే నయం. చూపు ముందు అలర్జీ వాక్యం మీద పడాలి, ఆ తర్వాతే దినుసుల జాబితా. ఎందుకంటే జాబితాలో ఒక దినుసు మిశ్రమమై, మొత్తంలో ఐదు శాతం లోపు ఉంటే దాని లోపలి సరుకులు విడిగా రాయక్కర్లేదని నిబంధన సడలింపు ఇస్తుంది. సాంబారు పొడిలో ఇంగువ సరిగ్గా అలాంటిదే. అయితే గోధుమ, రై, బార్లీ, ఓట్స్ లాంటి గ్లూటెన్ ధాన్యాలు ఏ రూపంలో ఉన్నా అలర్జీ వాక్యంలో చెప్పి తీరాలి. జాబితాలో ఇంగువ ఉండి, అలర్జీ వాక్యంలో గోధుమ లేకపోతే రెండు అర్థాలు: బియ్యప్పిండి ఇంగువ వాడారు, లేదా అలర్జీ వాక్యం రాసినవాళ్లు ఇంగువ సంగతి మరిచారు. ఏది నిజమో ప్యాకెట్ చెప్పదు. ఆ ప్యాకెట్‌ని కొట్లోనే వదిలేస్తాను.

జాబితాలో వెతకాల్సిన మిగతా పేర్లు త్వరగా చెప్పేస్తాను. మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమ్యా తెలిసినవే. మాల్ట్ అని ఊరికే రాస్తే దాదాపు ఎప్పుడూ బార్లీయే. రాగి మాల్ట్ ప్యాకెట్‌లో ఉన్నది మొలకెత్తించిన రాగులేనా, ఇంకేమైనా కలిపారా అన్నది జాబితా చూస్తేనే తెలుస్తుంది. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. ఓట్స్ దగ్గర రెండు చిక్కులు: పొలంలో, బండిలో, మిల్లులో గోధుమతో కలిసిపోవడం ఒకటి, శుభ్రమైన ఓట్స్ కూడా కొద్దిమందికి పడకపోవడం రెండు. మాల్టోడెక్స్ట్రిన్ పేరు చూసి భయపడక్కర్లేదు, అది మాల్ట్ కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడి అలర్జీ చట్టం తప్పనిసరి చేసింది గోధుమ పేరునే, బార్లీని, రైని కాదు. ‘కంటెయిన్స్’ వాక్యంలో వీట్ లేదని ధీమా పడితే మాల్ట్ కళ్లముందే దాటిపోతుంది. ‘వీట్ ఫ్రీ’ అన్న ముద్రతోనూ ఇదే తంటా.

దినుసులన్నీ సరిపోయాక అసలు చిక్కు మొదలవుతుంది. రాసినవి కాదు, రాయకుండా కలిసేవి. ‘ఇదే ప్లాంటులో గోధుమ ప్రాసెస్ చేస్తాం’ అన్న వాక్యం చాలా దేశాల్లో కంపెనీ ఇష్టం. రాసినవాడు నిజాయితీపరుడు కావొచ్చు, రాయనివాడి మిల్లు మరింత అధ్వానం కావొచ్చు. 2010లో అమెరికాలో స్వతహాగా గ్లూటెన్ లేని 22 రకాల ధాన్యాలు, గింజలు, పిండ్లు పరీక్షిస్తే ఏడు 20 గీతను దాటాయి. అవి గ్లూటెన్ ఫ్రీ ముద్ర ఉన్నవి కావు. మిల్లెట్, జొన్న, సోయా లాంటివే కదా, వీటికి ముద్రెందుకు అనుకునే సరుకులే. ముద్ర ఉన్నవీ తప్పుతాయి: 2015 అక్టోబరులో అమెరికా కంపెనీ జనరల్ మిల్స్ 18 లక్షల చీరియోస్ సీరియల్ డబ్బాలను వెనక్కి పిలిచింది. కాలిఫోర్నియాలోని ఒక ప్లాంటులో గ్లూటెన్ ఫ్రీ ఓట్ పిండి వెళ్లే దారిలోకి గోధుమ పిండి వెళ్లింది.

లూజు సరుకు విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. మా వీధి కిరాణాలో ఒకరోజు అడిగాను, “అన్నా, ఈ శనగపిండి ప్యాకెట్టా, లూజా?” “లూజే అక్కా, నిన్ననే వచ్చింది, మస్తు ఫ్రెష్ ఉంది” అన్నాడు, పక్కనున్న మైదా బస్తాలోంచి తీసిన స్కూపుతోనే ముంచబోతూ. అతని శనగపిండిలో కల్తీ లేదు, అతని మాటలో మోసం లేదు. స్కూపు అంచున తెల్లటి పొర ఉంది, అంతే.

గిర్నీ కథా ఇదే. ముందు వచ్చినవాళ్ల గోధుమలు పట్టాక మన జొన్నలు పోస్తే, రాళ్ల మధ్యనా, పిండి దిగే గుడ్డ గొట్టంలోనూ మిగిలిన గోధుమ పిండి మన సంచిలోకే దిగుతుంది. ముందు కిలో బియ్యం పట్టించి ఆ పిండి పక్కన పెట్టమని చెప్పే సలహా వింటుంటాం. గొట్టం మడతల్లో ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు కాబట్టి, బాగా సున్నితమైన మనిషికి అది చాలదు. జొన్నలు గింజగా కొని, పళ్లెంలో పలచగా పరచి వేరే గింజలు ఏరేసి, కడిగి ఎండబెట్టి, ఇంట్లో గోధుమ తగలని మిక్సీలోనో చిన్న పిండిమరలోనో పట్టుకోవడమే మాకు కుదిరిన దారి. గోధుమలు జొన్నల్లో ఇట్టే కనపడతాయి, పొడవుగా, నడుమ గీతతో. పిండిలో అవే కనపడవు.

ఇక ముద్రల సంగతి. కంపెనీ తనకు తాను వేసుకున్న ముద్ర వేరు, బయటి సంస్థ ఇచ్చింది వేరు. జీఎఫ్‌సీఓ అనే అమెరికా సంస్థ 10 పీపీఎం, అంటే కిలోకి 10 మిల్లీగ్రాముల గీత పెడుతుంది. సున్నితమైనవాళ్లు ఆ ముద్ర ఉన్నదానికి ముందు చెయ్యి చాపడం న్యాయమే. ముద్ర లేకుండా నచ్చిన సరుకైతే కంపెనీకి ఉత్తరం రాస్తాను. ‘మీది గ్లూటెన్ ఫ్రీయేనా’ అని అడిగితే ‘అవును మేడమ్’ అన్న జవాబే వస్తుంది. అందుకని ఇలా రాస్తాను: “ఈ పిండి పట్టే లైన్ మీద గోధుమ, బార్లీ ఎప్పుడైనా నడుస్తాయా? పరీక్ష ప్రతి బ్యాచ్‌కా, ఏడాదికోసారా? ఏ పద్ధతితో, ఎంత వరకు పట్టుకోగలదు? ఈ బ్యాచ్ నంబరు రిపోర్టు చూపగలరా?” ఆర్5 ఎలైసా అనే గ్లూటెన్ పరీక్ష అని, ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ అని, ఫలితం ‘5 పీపీఎం కంటే తక్కువ’ అని జవాబొస్తే అది చదవదగ్గ జవాబు. ‘మా ఉత్పత్తులు నూరు శాతం సహజం’ అని వస్తే చదివి పక్కన పెట్టేయొచ్చు. సాస్, బీరు లాంటి పులియబెట్టిన సరుకుకి మాత్రం మామూలు ఎలైసాని నమ్మలేం. ప్రోటీన్ ముక్కలైపోయాక ఆ పరీక్షకి సరిగ్గా దొరకదు.

ఇన్ని దాటి వచ్చిన ప్యాకెట్‌ని ఒంటరిగా మొదలుపెడతాం. ఆ వారం ఇంకో కొత్త సరుకు ఉండదు, కొద్దిగా తినడం, బ్యాచ్ నంబరు క్యాలెండర్ మీద రాయడం. కడుపు ఉబ్బితే వెంటనే గ్లూటెన్ మీద నేరం మోపడం తొందరపాటు. గ్లూటెన్ ఫ్రీ రొట్టెల్లో జాంథన్ గమ్, ఇనులిన్, శనగపిండి ఉంటాయి, అవీ గ్యాస్ పెడతాయి. ఏమీ కాకపోయినా నిశ్చింత లేదు, పేగు చప్పుడు లేకుండానే దెబ్బతినొచ్చు. డాక్టరు చెప్పిన వ్యవధిలో చేయించే టీటీజీ రక్తపరీక్షని ఒంటి మాటకంటే ఎక్కువ నమ్ముతాం. అదీ ఒక్క ప్యాకెట్ తీర్పు కాదు, నెలల తిండి మీద తీర్పు.

ఖాళీ ప్యాకెట్‌ని వెంటనే పారేయం. సరుకు అయిపోయాక వారం పది రోజులు ఆ కవరు డ్రాయర్‌లో ఉంటుంది, ఫిర్యాదు చేయాల్సి వస్తే బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు, తయారీ తేదీ దాని మీదే కదా ఉండేది. ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు పెట్టేటప్పుడు అడిగేవీ ఇలాంటివే. ‘కొత్త రూపం’, ‘మరింత రుచి’ అని కవరు మారితే మళ్లీ వెనక్కి తిప్పి అలర్జీ వాక్యం నుంచి మొదలు.