కొత్తగా వెబ్ నేర్చుకుంటున్నారా? హెచ్‌టీఎంఎల్‌తోనే మొదలుపెట్టండి

వెబ్ డెవలప్‌మెంట్‌లోకి రావాలనుకునే విద్యార్థులకు ఇప్పటికీ ఒక సందేహం తీరడం లేదు. హెచ్‌టీఎంఎల్ నేర్చుకోవాలా, ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ నేర్చుకోవాలా? పాత సిలబస్‌లోనో, చేతులు మారి వచ్చిన నోట్స్‌లోనో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ మీద ఒక చాప్టర్ కనిపిస్తే ఆ సందేహం రావడం సహజమే. నా సలహా ఒక్కటే: హెచ్‌టీఎంఎల్ రాయండి. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అంటే ఏమిటో, ఎందుకు వెనకబడిందో తెలుసుకోండి.

వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2000 జనవరిలో, హెచ్‌టీఎంఎల్‌ను ఎక్స్‌ఎంఎల్ కఠిన నియమాల ప్రకారం రాసే ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0ను తెచ్చింది. ట్యాగులన్నీ చిన్న అక్షరాల్లో ఉండాలి, తెరిచిన ప్రతి ట్యాగ్‌నూ మూయాలి, యాట్రిబ్యూట్ విలువలకు కొటేషన్లు ఉండాలి. ఉద్దేశం మంచిదే. చిక్కంతా ఆచరణలో వచ్చింది. పేజీని ఎక్స్‌ఎంఎల్‌గా పంపితే, ఒక్క ట్యాగ్ మూయడం మరిచినా బ్రౌజర్ పేజీకి బదులు ఎర్రర్ చూపిస్తుంది. పైగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2011లో 9వ వెర్షన్ వచ్చేదాకా అలాంటి పేజీలను తెరవనేలేదు. దాంతో చాలామంది పైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ డాక్‌టైప్ పెట్టి, సర్వర్ నుంచి మామూలు హెచ్‌టీఎంఎల్‌గానే పంపేవారు. బ్రౌజర్ కూడా దాన్ని అలాగే చదివేది. 2004లో యాపిల్, మొజిల్లా, ఒపెరా కలిసి వాట్‌డబ్ల్యూజీ అనే బృందాన్ని ఏర్పాటు చేసి హెచ్‌టీఎంఎల్‌నే మెరుగుపరిచే పని చేపట్టాయి. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని ఆపేస్తున్నట్టు 2009లో డబ్ల్యూ3సీ ప్రకటించింది. హెచ్‌టీఎంఎల్5 2014లో ప్రమాణంగా ఖరారైంది.

ఇంటర్వ్యూలో ఈ రెండింటికీ తేడా అడిగితే చాలామంది పైన చెప్పిన మూడు నియమాలూ అప్పజెప్పి ఊరుకుంటారు. అసలు తేడా సర్వర్ పంపే కంటెంట్ టైప్‌లో ఉంది. పేజీని ఏ పద్ధతిలో చదవాలో బ్రౌజర్‌కు చెప్పేది అదే. ఆ మాట చెప్పగలిగితే మీకు విషయం అర్థమైందని ఎదుటివారికి తెలుస్తుంది.

ఈ తేడా విషయంలో రియాక్ట్ నేర్చుకుంటున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అందులోని జేఎస్‌ఎక్స్‌లో ఏ ట్యాగ్‌నైనా లోపల ఏమీ లేకపోతే చివర స్లాష్ పెట్టి అక్కడే మూసేయవచ్చు. అదే అలవాటుతో మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైల్‌లో స్క్రిప్ట్ ట్యాగ్‌ను స్లాష్‌తో ముగించి చూడండి. బ్రౌజర్ ఆ స్లాష్‌ను పట్టించుకోదు. ముగింపు ట్యాగ్ ఎక్కడుందా అని వెతుకుతూ, కింద ఉన్న పేజీనంతా స్క్రిప్ట్ కిందే లెక్కేస్తుంది. తెర మీద ఖాళీ పేజీ వస్తుంది, ఎర్రర్ మెసేజ్ కూడా కనిపించకపోవచ్చు. ఇలాంటి తప్పు వెతకడానికి ఒక పూట పోయినా ఆశ్చర్యం లేదు.

ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌కు పని పూర్తిగా లేకుండా పోలేదు. ఈపబ్ ఈ-పుస్తకాల్లోని పేజీలు నేటికీ అందులోనే ఉంటాయి. జావా సర్వర్ ఫేసెస్‌తో కట్టిన పాత ప్రాజెక్టుల్లోనూ ఆ ఫైళ్లు ఎదురవుతాయి. డిజిటల్ పబ్లిషింగ్ వైపు వెళ్లాలనుకుంటే దాన్ని శ్రద్ధగా నేర్చుకోవాల్సిందే.

మిగతావారు ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ నుంచి క్రమశిక్షణను తీసుకుంటే చాలు. ట్యాగులు చిన్న అక్షరాల్లో రాయండి, కొటేషన్లు వదలకండి, పేరా ట్యాగ్‌ను కూడా మూయండి. సాధన కోసం ఒక చిన్న తెలుగు పేజీ తయారుచేయండి. యూటీఎఫ్-8 ప్రకటించండి, ల్యాంగ్ యాట్రిబ్యూట్‌లో తెలుగు కోడ్ పెట్టండి. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతును ఎంచుకోవడానికి ఆ చిన్న కోడ్ ఆధారం. ఫారంలోని ప్రతి గడికీ లేబుల్ ఇవ్వండి. ఆ పేజీని డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో పరీక్షించి, అది చూపిన తప్పులన్నీ దిద్దాక గిట్‌హబ్‌లో పెట్టి, ఆ లింకును రెజ్యూమేలో చేర్చండి.