విదేశవాసుల వీలునామా

నిజామాబాదు, జగిత్యాల, కరీంనగరు ప్రాంతముల నుండి దుబాయికి, సౌదీ అరేబియాకు; రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుండి కువైటుకు; హైదరాబాదు పాతబస్తీ నుండి జెడ్డాకు, రియాదుకు బ్రతుకుతెరువు కొరకు వెళ్ళిన కుటుంబములు మనలో ఎన్నో కలవు. ఈ సంచికను చదువు విద్యార్థులలోనే కొందరి తండ్రులో, అన్నలో, మేనమామలో అక్కడ ఉద్యోగము చేయుచుందురు. వారు అక్కడ కూడబెట్టి ఇక్కడ ఇల్లు కట్టుదురు, స్థలము కొందురు, బ్యాంకులో డిపాజిట్టు చేయుదురు. కాని తమ తదనంతరము వీటి సంగతి ఏమి కావలెనో వ్రాసి ఉంచువారు మిక్కిలి తక్కువ. వీలునామా అనగానే అశుభపు మాట యని కొందరు ముఖము చిట్లింతురు. ముస్లిం కుటుంబములలో మరియొక సమాధానము వినవచ్చును: షరీయత్ వాటాలను ముందే నిర్ణయించినది గదా, ఇక వ్రాయుటకు మిగిలినదేమి యని. మిగిలినది చాల ఉన్నది. ఈ వ్యాసములో ముఖ్యముగా చెప్పదలచినది అదియే.

మొదట మాటను గూర్చి ఒక్క మాట. ఆంగ్లపు ‘విల్’కు పారశీకపు ‘నామా’ చేరి తెలుగులో వీలునామా అయినది. ఉర్దూలో వసీయత్‌నామా అందురు, గ్రాంథికముగా మరణశాసనము అందురు. వారసుడు, దస్తావేజు, వకీలు, ముక్త్యారునామా మొదలగు మాటలు కూడ అట్లే రెండు భాషలకు ఉమ్మడి సొత్తు. ఈ విషయమును మన కళాశాలలో ఏ భాష వారు చదివినను సగము మాటలు వారికి ముందే తెలిసియుండును.

విదేశములో నున్నవాడు వీలునామా వ్రాయవచ్చునా, అది ఇక్కడ చెల్లునా యనునది అందరికి కలుగు మొదటి సందేహము. వ్రాయవచ్చును, చెల్లును. స్థిరాస్తి ఏ దేశములో నున్నదో ఆ దేశపు చట్టమే దానికి వర్తించును. కాబట్టి కడపలోని ఇంటిని గూర్చి కువైటులో కూర్చుండి వ్రాసిన వీలునామా భారతదేశపు చట్టము కోరినట్లు ఉండినచో చాలును. హిందువులకు, క్రైస్తవులకు ఆ చట్టము 1925 నాటి భారత వారసత్వ చట్టము. దాని 63వ సెక్షను ప్రకారము వ్రాయువాడు సంతకము గాని గుర్తు గాని పెట్టవలెను. కనీసము ఇద్దరు సాక్షులు అతడు సంతకము చేయుట చూచి గాని, అది తన సంతకమేయని అతని నోట విని గాని, అతని సమక్షములో తామును సంతకములు చేయవలెను. సాక్షులిద్దరును ఏకకాలమున ఉండవలెనను నియమము లేదు. స్టాంపు కాగితము అక్కరలేదు. తెలుగులో వ్రాసినను, ఉర్దూలో వ్రాసినను చెల్లును. రాయబార కార్యాలయపు ముద్ర లేనిదే వీలునామా చెల్లదని గల్ఫులో ఒక అపోహ ఉన్నది. ఆ ముద్ర వలన సంతకమునకు కొంత బలము చేకూరు మాట నిజమే, కాని అది చెల్లుబాటుకు షరతు కాదు.

ఇచ్చట సాక్షులను గూర్చి కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఏలయనగా విదేశములో వ్రాసిన వీలునామాలకు ప్రమాదమంతయు ఇక్కడనే యున్నది. సాక్షుల సంతకములు తప్పనిసరియైన వీలునామా తగవులో పడినప్పుడు, బ్రదికియున్న సాక్షులలో కనీసము ఒకరిని న్యాయస్థానమునకు పిలిపించి ఋజువు చేయవలెను. 1872 నాటి సాక్ష్య చట్టములో ఇది 68వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో 67వ సెక్షను. లేబరు క్యాంపులో పక్క మంచముపై నుండు నేపాలీ మిత్రుడో, అదే కంపెనీలో పనిచేయు కేరళీయుడో మంచి మనసుతో సాక్షి సంతకము చేయును. ఇరువది సంవత్సరముల తరువాత అతడెచ్చట నుండునో ఎవరు చెప్పగలరు? సాక్షులెవరును దొరకనప్పుడు చేవ్రాతను బట్టి నిరూపించుటకు చట్టము వేరొక దారి చూపినది గాని అది కష్టమైన దారి. అందుచేత మన ఊరి వాడు, వయసులో చిన్నవాడు, వీలునామాలో వాటా లేనివాడు సాక్షిగా దొరికినచో అంతకంటె మేలు లేదు. సాక్షుల పేర్లకు ప్రక్కన స్వగ్రామపు చిరునామా కూడ వ్రాయించవలెను. క్యాంపు గది నంబరు ఎవరికిని పనికిరాదు.

1959లో ప్రకటింపబడిన వెంకటాచల అయ్యంగారు కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఒక ముఖ్య సూత్రము చెప్పినది. వీలునామా చుట్టును అనుమానాస్పదమైన పరిస్థితులున్నచో ఆ అనుమానములను తొలగించు భారము దానిని ముందుకు తెచ్చినవారిదే యని. ఎక్కువ లాభము పొందువాడే దగ్గరుండి వ్రాయించుట, భార్యాపిల్లలకు కారణము చెప్పకుండ ఏమియు ఇవ్వకపోవుట, వణికిన సంతకము, ఇవన్నియు అట్టివే. ఎవరికైన తక్కువ ఇచ్చినచో ఎందులకు తక్కువ ఇచ్చినదియు రెండు వాక్యములలో వ్రాసి ఉంచుట మంచిది.

ముస్లిముల వీలునామా వేరు త్రోవలో నడచును. 1925 చట్టములోని వీలునామా నియమములు వారికి వర్తింపవు. వ్రాతపూర్వకముగా ఉండవలెనను నియమము గాని, ఇద్దరు సాక్షుల సంతకములు గాని విధిగా లేవు. నోటి మాట కూడ వసీయతే. మరణమునకు కొలది దినముల ముందు ఒక ముస్లిము వ్రాసిన ఉత్తరమునే వీలునామాగా 1898లో ప్రీవీ కౌన్సిలు అంగీకరించినది. అయినను నోటి మాటను కోర్టులో నిరూపించుట ఎంత కష్టమో న్యాయవాదులనడిగిన చెప్పుదురు. ప్రయాణములో మరణ సమయము ఆసన్నమైనప్పుడు వసీయతుకు ఇద్దరు సాక్షులుండవలెనని ఖుర్ఆను అయిదవ సూరాలోని 106వ ఆయతు చెప్పుచున్నది. పరదేశములో నున్నవాడు మన చట్టము కోరలేదు గదాయని సాక్షులను విడువకూడదు.

ఇక పరిమితి. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడవ వంతు వరకే వసీయతు చెల్లును. మక్కాలో రోగగ్రస్తుడైన సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ తన సంపదలో మూడింట రెండు వంతులు దానము చేయుటకు అనుమతి కోరగా, ప్రవక్త తగ్గించుచు వచ్చి మూడవ వంతునకు ఒప్పుకొని, అదియు అధికమే యన్నట్లు హదీసులు తెలుపుచున్నవి. ఒక లెక్క చూతము. ఒకనికి ఇల్లు, డిపాజిట్లు కలిపి 40 లక్షలు. అప్పులు, అంత్యక్రియలకు 4 లక్షలు. మిగిలినది 36 లక్షలు, అందులో మూడవ వంతు 12 లక్షలు. అతడు 18 లక్షలు మేనల్లునికి వ్రాసినచో 12 లక్షలే చెల్లును; పై 6 లక్షలకు వారసుల అంగీకారము కావలెను. అట్లే హనఫీ న్యాయము ప్రకారము వారసునికి చేసిన వసీయతు, మిగిలిన వారసులు ఆ వ్యక్తి మరణించిన తరువాత ఒప్పుకొన్ననే చెల్లును. బ్రదికియుండగా తెల్లకాగితముపై కొడుకుల చేత సంతకములు చేయించి పెట్టె అడుగున దాచినందువలన ప్రయోజనము లేదు. షియా న్యాయములో మూడవ వంతు లోపల వారసునికి కూడ ఎవరి అంగీకారము లేకయే ఇవ్వవచ్చును. వారసుడెవరనునది వ్రాసిన నాటి స్థితిని బట్టి కాదు, మరణించిన నాటి స్థితిని బట్టి నిర్ణయింపబడును.

ఈ మూడవ వంతు ఎవరికి అవసరము? తండ్రి బ్రదికియుండగనే గల్ఫులో చనిపోయిన కొడుకును తలచుకొనుడు. అతని పిల్లలకు, పినతండ్రి ఒకడున్నచో, సున్నీ న్యాయము ప్రకారము తాత ఆస్తిలో వాటా రాదు. ఈ కష్టమును గుర్తించి ఈజిప్టు 1946లో తప్పనిసరి వసీయతును, పాకిస్తాను 1961లో మనుమలకు ప్రాతినిధ్యపు వాటాను చట్టము చేసినవి. మన దేశములో అట్టి చట్టము లేదు. ఇక్కడ తాత వ్రాసిన వసీయతే ఆ పిల్లలకు దిక్కు. వారు వారసులు కారు గనుక మూడవ వంతు వరకు ఎవరి అనుమతియు అవసరము లేదు. చనిపోయిన కొడుకు పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొనియు ఒక్క కాగితము వ్రాయని తాతలు కలరు. మతము అనుమతించిన దానిని అలసత్వముచే వాడుకొనకుండుట భక్తి యనిపించుకొనదని నా అభిప్రాయము.

వాటాల సంగతి అట్లుండగా, విదేశవాసియైన ముస్లిం తండ్రి వీలునామాలో తప్పక వ్రాయవలసిన ఒక వాక్యము కలదు. హనఫీ న్యాయములో తండ్రి తరువాత మైనరు పిల్లల ఆస్తికి సంరక్షకుడు తండ్రి నియమించిన వసీ. అట్టివాడు లేనిచో తాత, ఆపైన తాత నియమించిన వసీ. తల్లి ఆ వరుసలో లేదు. 1918లో ఇమాంబాందీ కేసులో ప్రీవీ కౌన్సిలు, తల్లి పిల్లల వాటాను అమ్మిన అమ్మకము చెల్లదని తీర్పు చెప్పినది. భర్త పది సంవత్సరములు రియాదులో నుండగా ఇల్లు నడిపి, పిల్లలను చదివించి, ఇంటి పునాది నుండి కప్పు వరకు మేస్త్రీలతో వాదించి కట్టించిన తల్లికి, భర్త పోయిన మరునాడు పిల్లల డిపాజిట్టు విడిపించుటకు, వారి వాటా భూమి లావాదేవీకి కోర్టు గడప ఎక్కవలసి వచ్చును. కాని తండ్రి తన వీలునామాలో ఆమెను వసీగా నియమింపవచ్చును. స్త్రీ వసీ కాకూడదను నిషేధము లేదు. అప్పుడు ఆమెకు పిల్లల ఆస్తిని చట్టబద్ధముగా నిర్వహించు అధికారము కలుగును. దీనికి మూడవ వంతు పరిమితితో సంబంధము లేదు, ఎవరి వాటాయు తగ్గదు. హిందువులలో తండ్రి తరువాత తల్లియే సహజ సంరక్షకురాలు గనుక ఈ చిక్కు ఇంతగా లేదు. అయినను మైనరు స్థిరాస్తి అమ్ముటకు ఆమెకును కోర్టు అనుమతి కావలెను.

వాటాలకంటె ముందు తీర్చవలసినవి అప్పులు. భార్యకు చెల్లింపని మెహర్ కూడ అప్పే. వీసా కొరకు మేనమామ వద్ద తీసికొన్న రెండు లక్షలు, అక్కడి గదిలో స్నేహితునికి ఇచ్చిన చేబదులు, కంపెనీ నుండి రావలసిన జీతపు బకాయి, సర్వీసు ముగింపు సొమ్ము, ఇవి ఇంటివారికి తెలియవు. వీలునామాతో జతపరచి ఒక పట్టిక వ్రాసి ఉంచినచో ఇరుప్రక్కల వారికిని మేలు.

వీలునామా లేకున్నను రెండు కాగితములు చాలునని మన కుటుంబములలో నమ్మకమున్నది. మొదటిది ముక్త్యారునామా, వాడుకలో జి.పి.ఏ. విదేశమునకు పోవువాడు తమ్మునికో బావమరిదికో ఇది వ్రాసి ఇచ్చును. ఇచ్చినవాడు మరణించిన క్షణముననే సామాన్యముగా ఆ అధికారము ముగియునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. చావు వార్త తెలిసిన తరువాత దానితో చేసిన అమ్మకము కుటుంబమును వ్యాజ్యములలోనికి లాగును. రెండవది నామినీ. బ్యాంకులో నామినీగా పేరున్నవాడు సొమ్ము తీసికొనుటకు అర్హుడే గాని యజమాని కాడు. వారసుల తరఫున తీసికొనును. బీమా విషయములో 1983లో సర్బతీ దేవి కేసులోను, షేర్ల విషయములో 2023లో శక్తి యెజ్దానీ కేసులోను సుప్రీంకోర్టు ఈ మాటనే చెప్పినది. బీమాలో మాత్రము 2015 సవరణ తరువాత తలిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైనచో వారికి ఆ సొమ్ముపై హక్కు కలుగును. పెండ్లికి ముందు తమ్ముని నామినీగా వ్రాసి, పెండ్లియైన తరువాత మార్చనివారు ఎందరో!

అక్కడ కూడ ఆస్తి ఉన్నవారి సంగతి వేరు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో ముస్లిమేతరుల కొరకు దుబాయి అంతర్జాతీయ ఆర్థిక కేంద్రములో 2015 నుండి వీలునామాల నమోదు జరుగుచున్నది. 2023 ఫిబ్రవరి 1 నుండి అమలైన సమాఖ్య చట్టము ప్రకారము ముస్లిమేతరుడు తన ఆస్తినంతయు కోరినవారికి వ్రాయవచ్చును; వ్రాయనిచో సగము భార్యకు లేక భర్తకు, సగము పిల్లలకు, కొడుకు కూతురు భేదము లేకుండ సమానముగా చెందును. ముస్లిములకు అక్కడను షరీయత్ వాటాలు, మూడవ వంతు నియమమే. రెండు దేశములలో ఆస్తియున్నవారు రెండు వీలునామాలు వ్రాసికొనుట సుఖము. కాని ఒక హెచ్చరిక. అచ్చు నమూనాలలో “ఇంతకు పూర్వపు వీలునామాలన్నియు రద్దు” అను వాక్యము సాధారణముగా ఉండును. దుబాయి ఫ్లాటు కొరకు వ్రాసిన వీలునామాలో ఈ వాక్యము యథాతథముగా నిలిచినచో, కర్నూలు ఇంటి కొరకు అంతకు ముందు వ్రాసినది రద్దయినదని వాదించుటకు దారి ఏర్పడును. ఏ దేశపు ఆస్తికి ఏ వీలునామాయో రెండింటను స్పష్టముగా వ్రాయవలెను. క్రైస్తవులు మరియొకటి గుర్తుంచుకొనవలెను: వివాహముతో వారి పూర్వపు వీలునామా రద్దగును, మరల వ్రాయవలెను.

ఇట్టి విషయములపై ఏడాదికొక మధ్యాహ్నము, ఇరు భాషలు తెలిసిన న్యాయవాది నొకరిని పిలిపించి, విద్యార్థుల తల్లులను కూడ ఆహ్వానించినచో ఎంతో ఉపయోగము. కళాశాల కార్యవర్గము వారు ఈ సూచనను పరిశీలింపగోరెదను.

ఇక భద్రపరచుట. వీలునామాకు రిజిస్ట్రేషను విధి కాదు. కాని ఎప్పుడైనను చేయించవచ్చును, సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములో ఒక పూటలో ముగియు పని. సెలవు దొరకనివారికి 1908 నాటి రిజిస్ట్రేషను చట్టములోని 42వ సెక్షను మరియొక సదుపాయము కల్పించినది. వీలునామాను కవరులో పెట్టి, సీలు వేసి, పైన తన పేరు, తీసికొనిపోవు ప్రతినిధి పేరు, లోపలి దస్తావేజు ఏమియు వ్రాసి, తగు అధికారము పొందిన ప్రతినిధి ద్వారా జిల్లా రిజిస్ట్రారు వద్ద దాఖలు చేయవచ్చును. లోపల ఏమున్నదో ఆ ప్రతినిధికి తెలియనక్కరలేదు. వ్రాసినవాడు కోరినచో ఆ కవరును తిరిగి తీసికొనవచ్చును; అతడు మరణించిన తరువాత దరఖాస్తు చేసికొన్నవారి సమక్షములో రిజిస్ట్రారు దానిని తెరచి, లోపలి విషయమును దరఖాస్తుదారుని ఖర్చుతో తన పుస్తకములో నకలు చేయించి, అసలును మరల తన వద్దనే భద్రపరచును. కవరు దాఖలు చేసినట్లు రసీదును మాత్రము భార్యకు పంపవలెను, ఏ ఊరి రిజిస్ట్రారో ఆమెకు తెలియనిచో ఆ సీలు విప్పించువారే ఉండరు.