లైన్ తెగినా పని ఆగకూడదు



మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది మేమే మొదలు. పి.జి. ప్రాజెక్టు సమయంలో సెలవులకు గోదావరిఖని వచ్చాం. ప్రోగ్రాం నడిచేది కాలేజీ కంప్యూటర్లో, మేముండేది కార్మికుల క్వార్టర్లో. మధ్యలో సెల్‌ఫోన్ సిగ్నలే ఆధారం. ఆరు గంటలు నడిచిన ప్రోగ్రాం సిగ్నల్ పోగానే ఆగిపోయింది. మర్నాడూ అంతే. గడువు ఇంకా నాలుగు రోజులే. అప్పుడు నేర్చుకున్న పాఠం ఇది.

దూరంలోని కంప్యూటర్‌ను మన కీబోర్డుతో నడపడమే రిమోట్ యాక్సెస్. రెండు యంత్రాలు మాట్లాడుకునే నియమాలే ప్రోటోకాల్. పాత టెల్‌నెట్ పాస్‌వర్డును కూడా దాచకుండా పంపుతుంది, కనుక వాడకూడదు. 1995లో ఫిన్లాండ్ పరిశోధకుడు తాతు యులోనెన్ తయారుచేసిన ఎస్.ఎస్.హెచ్. అంతా రహస్య లిపిలో పంపుతుంది.

ఎస్.ఎస్.హెచ్. నడిచేది టి.సి.పి. మీద. టి.సి.పి. అంటే గనిలో హాలేజి తాడుకు కట్టిన టబ్బుల వరుస అనుకోండి. ఒక టబ్బు పట్టాలు తప్పితే వెనుకవన్నీ ఆగుతాయి. వరుస మాత్రం తప్పదు. యు.డి.పి. అంటే రోడ్డు మీద వేటికవే పోయే లారీలు. ఒకటి రాకపోయినా మిగతావి ఆగవు, కానీ రానిదాని లెక్క మనమే చూసుకోవాలి.

2012లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కీత్ విన్‌స్టీన్, హరి బాలకృష్ణన్ ‘మాష్’ను వెలువరించారు. అది ఎస్.ఎస్.హెచ్.తో లాగిన్ అయి, తర్వాత యు.డి.పి. మీద తెర తాజా రూపాన్నే పంపుతుంది. సిగ్నల్ పోయి వచ్చినా, ఐ.పి. చిరునామా మారినా తెగదు. అయితే ఫైళ్లు పంపలేదు. అవతలి ఫైర్‌వాల్ యు.డి.పి.ని ఆపితే పనిచేయదు.

మాకు అదే అడ్డొచ్చింది. కనుక ఎస్.ఎస్.హెచ్.తోనే వెళ్లి, ప్రోగ్రాంను ‘టీమక్స్’లో నడిపాం. లైన్ తెగినా అక్కడి పని అక్కడ సాగుతుంది. మళ్లీ లాగిన్ అయి అందుకోవచ్చు. ఆ రాత్రి రెండుసార్లు సిగ్నల్ పోయింది. నాన్న ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరే వేళకు చూస్తే ప్రోగ్రాం పూర్తయి ఉంది.

గుర్తుంచుకోవలసినవి:

1. యు.డి.పి. దారి ఉంటే మాష్, లేకుంటే ఎస్.ఎస్.హెచ్.
2. ఏది వాడినా పెద్ద పని టీమక్స్‌లోనే. మన కంప్యూటర్ ఆగిపోతే మాష్ కూడా ఆదుకోదు.
3. ఫైళ్లకు ‘ఆర్‌సింక్’. పార్షియల్ ఆప్షన్ పెడితే ఆగిన చోటి నుంచి సాగుతుంది.
4. నెమ్మది లైన్ మీద బొమ్మల తెర వద్దు, అక్షరాల తెర చాలు.

నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకు సెలవుల్లో హాస్టల్‌కు వచ్చి చేసి చూపిస్తాం.