కింద కాదు, పైన చూడు

షార్జా

చిరంజీవి అల్లునికి,

నువ్వు పంపిన ఫోటో చూసిన. మారుతి కింద అరచేతంత మరక. ఎర్రగున్నది మామా, ఏం ఆయిలో చెప్పు అన్నవ్. నువ్వు బండి ఆపింది పసుపు ఉడకబెట్టి ఆరబోసిన కల్లంల. పసుపు నీళ్లల కరగదు గని నూనెల కరుగుతది, సబ్బునీళ్లో సున్నమో తగిలితే ఎర్రబడతది. ఆ నేల మీద రంగును నమ్మితే ఎట్ల? ముందుగాల బండిని అక్కడినుంచి తియ్యి. ఆయిల్ వాసనొచ్చే పసుపును నిజామాబాద్ యార్డుల ఎవరు కొంటరు?

చదునైన జాగల ఆపి, ఇంజన్ కింద తెల్ల అట్ట పరువు. ముందు టైర్లు ఎక్కడికొచ్చినయో దానిమీద గీత గియ్యి, చుక్క ఏ దిక్కు పడ్డదో తెలుస్తది. లింబాద్రి గుట్ట దిక్కు పోయి వాలు మీద ఆపినవంటే చుక్క పుట్టేది ఒక కాడ, పడేది ఒక కాడ.

తెల్లారి వేలితోని ముట్టు, వాసన చూడు. నాలుకకు మాత్రం తగలనీయకు. కూలెంట్ తియ్యగుంటది, విషం; కుక్కలను, పిల్లలను కూడ దూరం పెట్టు. జిగట లేక, వాసన లేక, ఎడమ దిక్కు పడితే అవి ఏసీ నీళ్లు. ఇక్కడి ఉక్కపోతకు కొత్త బండ్ల కిందనే మడుగు కడతది, అయినా బెదిరి మా షెడ్డుకు వచ్చేటోళ్లుంటరు. చిక్కగుండి గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. పెట్రోల్ వాసనొస్తే స్టార్ట్ చెయ్యకు, మెకానిక్‌నే ఇంటికి పిలువు.

బ్రేక్ ఆయిల్ సంగతి వేరు. లేత పసుపు రంగుల, జారుడుగ ఉంటది, పెయింట్‌ను తినేస్తది. టైరు లోపలి దిక్కు తడి ఉన్నదా, పెడల్ వెనుక మ్యాట్ కింద తడి ఉన్నదా చూడు. ప్యాడ్లు అరిగినా డబ్బాల లెవెల్ కొంత దిగుతది, కాబట్టి లెవెల్ ఒక్కటే సాక్ష్యం గాదు. తడి కనబడితే మాత్రం బండి కదలొద్దు. మెల్లగ ఆర్మూర్ దాక పోతం, అక్కడ చూపిస్తం అనే మాటే వద్దు.

మీ మెకానిక్ ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ ప్యాకింగ్ పోయిందన్నడట. విప్పి అన్నడా, చుక్క చూసి అన్నడా? ఆయిల్ పైన ట్యాపెట్ కవర్ కాడ కారినా, ప్రెషర్ స్విచ్ కాడ కారినా, దిగి దిగి ఛాంబర్ అంచుకే వచ్చి చుక్కయితది. నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కు తోస్తది. అందుకే చానమంది ఛాంబర్ ప్యాకింగ్ మార్పించి, పైసలిచ్చి, వారం తిరగక మళ్ల వస్తరు. ఇంజన్ చల్లారినంక, కరెంటు వైర్ల మీద కవరు కప్పి కడిగించు. ఆరినంక పౌడర్ డబ్బా తెచ్చి అనుమానమున్న కాడల్ల చల్లు. బాల్కొండ దాక పోయి రా. టార్చి పట్టుకొని అన్నిటికన్న పైన తడిసిన జాగ వెతుకు, అక్కడినుంచే వస్తున్నది. ట్యాపెట్ కవర్ ప్యాకింగైతే సులువు పని. ఇంజన్‌కు గేర్‌బాక్స్‌కు నడుమ క్రాంక్ సీలైతే గేర్‌బాక్స్ దించాలె. ఎట్లాగూ దించుతరు గనుక క్లచ్ ప్లేటు కూడ చూపించు. టార్చి పట్టి చూసేటప్పుడు జాకీ ఒక్కటే నమ్మి బండి కిందికి దూరకు.

మారుతి 800 తయారీ 2014 జనవరిలనే ఆగింది. నీది ఏపీ 25 నంబరు, ఇంకా పాతది. ఆ వయసుకు రబ్బరు సీళ్లు గట్టిపడి ఇంజన్‌కు చెమట పట్టినట్టు ఉంటది, దానికి ఖర్చు పెట్టకు. అట్ట మీద చుక్కలు పడుతున్నయంటేనే పని చేయించు. అప్పటిదాక పొద్దున బండి తీసే ముందు డిప్‌స్టిక్ తుడిచి చూసుకో.

అట్ట ఫోటో, పౌడర్ తడిసిన జాగ ఫోటో రెండూ పంపు. షెడ్డాయనకు అడ్వాన్స్ అప్పటిదాక ఇయ్యకు.

మీ మామ